ఇసుక పరచని తొట్టి

ఉప్పునీటి అక్వేరియాలు పెట్టేవాళ్ళ మధ్య ఎంతకీ తెగని వాదం ఒకటుంది. తొట్టి అడుగున ఇసుక పరచాలా, లేక గాజును బోసిగా వదిలెయ్యాలా? వినడానికి ఇది గది అలంకరణకు సంబంధించిన ముచ్చటలా ఉంటుంది. చదువుతూ పోతే మాత్రం దీని వెనక రెండు శతాబ్దాల చరిత్ర కనబడుతుంది. లండన్ మంచినీటి కంపెనీలు, హాంబర్గ్ కలరా, ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు, జకార్తా, బెర్లిన్, మొనాకోలలో చేపలు పెంచినవాళ్ళు, అందరూ ఈ కథలో ఉన్నారు. మా ఇంటి తొట్టికి నేను బోసి అడుగునే ఎంచుకున్నాను. ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలంటే ఆ చరిత్ర చెప్పక తప్పదు. చేపలంటే ఆసక్తి లేని చదువరులు కూడా కాస్త ఓపిక పట్టవలసిందిగా మనవి. ఎందుకంటే ఈ వాదం అడుగున ఉన్న ప్రశ్న ప్రతి ఇంటికీ, ప్రతి ఊరికీ ఉన్నదే: మనం వదిలిన మలినం చివరికి ఎక్కడికి పోతుంది?

ఇసుక మీద నమ్మకం తెలుగువాళ్ళకు కొత్త కాదు. ఎండాకాలంలో ఏటి ఇసుకలో చెలమ తీసి, ముందు ఊరిన బురదనీళ్ళు తోడి పారబోసి, ఆ తరువాత ఊరే తేటనీటితో బిందెలు నింపుకున్న తరాలు మనవి. ఇసుక నీటిని శుభ్రం చేస్తుందని మనకెవరూ పాఠం చెప్పనక్కరలేదు. ఇదే సంగతిని జేమ్స్ సింప్సన్ అనే ఇంజనీరు లండన్‌లో పెద్ద ఎత్తున అమలులో పెట్టాడు. చెల్సీ నీటి కంపెనీ కోసం 1829లో ఆయన కట్టించిన ఇసుక మడులలో థేమ్స్ నది నీరు నెమ్మదిగా ఇంకి, తేరుకుని, కిందికి దిగేది. తరువాతి కాలంలో ఎన్నో నగరాలు ఆ పద్ధతినే అనుసరించాయి.

ఇసుక మహిమ లోకానికి స్పష్టంగా తెలిసి వచ్చింది మాత్రం 1892లో. ఆ ఏడాది జర్మనీలోని హాంబర్గ్ నగరంలో కలరా చెలరేగి 8 వేలమందికి పైగా చనిపోయారు. దానిని ఆనుకునే ఉన్న ఆల్టోనా పట్టణం చాలావరకు బయటపడింది. విచిత్రమేమిటంటే రెండు ఊళ్ళూ తాగేది ఎల్బే నది నీళ్ళే. పైగా ఆల్టోనా నీళ్ళు తోడుకునేది హాంబర్గ్‌కు దిగువన; అంటే హాంబర్గ్ మురుగు కలిసిన నీళ్ళే దాని వాటాకు వచ్చేవి. తేడా అల్లా ఒక్కటే. ఆల్టోనా ఆ నీటిని ఇసుకలో వడగట్టి ఇళ్ళకు పంపేది. హాంబర్గ్ వడగట్టకుండా పంపేది. రాబర్ట్ కోఖ్ ఈ రెండు ఊళ్ళనూ పక్కపక్కన పెట్టి చూపించాక ఇసుక వడపోతను శంకించినవాళ్ళకు మారుమాట లేకపోయింది.

అయితే ఈ ఇసుక మడులకు సంబంధించి జనం అంతగా పట్టించుకోని విషయం ఒకటుంది. మడి పైభాగాన కొన్ని వారాలలో జిగురులాంటి పొర ఒకటి కడుతుంది. వడపోతలో పెద్ద భాగం ఆ పొరదే. కాని అది మందమయ్యేకొద్దీ నీరు దిగడం తగ్గిపోతుంది. అప్పుడు మడిని ఎండగట్టి, మనుషులు పారలు పట్టుకుని దిగి, పై పొరను గీకి, ఎత్తి, అవతల పోస్తారు. కాబట్టి ఆల్టోనాను కాపాడింది ఇసుక ఒక్కటే కాదు. ఇసుకతోపాటు పార కూడా. మన చెలమలోనైనా అంతే. మొదటి నీళ్ళు తోడి పారబోయకుండా ఎవరూ బిందె ముంచరు. ఇక ఆ ఏటి ఇసుకను ఏడాదికోసారి వరద వచ్చి కడిగి, తిరగేసి పోతుంది. ఈ మాట గుర్తుంచుకోండి. అక్వేరియం చరిత్రలో జనం మరిచిపోయినది సరిగ్గా దీనినే.

ఇసుక ఈ పని ఎలా చేస్తుందన్నది 1877లో తేలింది. ష్లోసింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు పొడవాటి గాజు గొట్టాన్ని ఇసుకతోను, సున్నపురాయితోను నింపి, పైనుంచి మురుగునీటిని నెమ్మదిగా వదిలారు. దాదాపు 20 రోజులపాటు నీటిలోని అమోనియా మారకుండానే కిందికి వచ్చింది. ఆ తరువాత నైట్రేటు కనబడడం మొదలయింది. పోనుపోను అమోనియా మాయమయింది. అప్పుడు వారు గొట్టంలోకి క్లోరోఫామ్ ఆవిరిని పంపారు. మార్పు ఆగిపోయింది. క్లోరోఫామ్ మత్తు ఇసుకకు ఎక్కదు, ప్రాణమున్నదానికే ఎక్కుతుంది. అంటే పని చేస్తున్నది ఇసుక కాదు, ఇసుక రేణువులను ఇల్లు చేసుకున్న సూక్ష్మజీవులు. 1890 ప్రాంతంలో సెర్గెయ్ వినోగ్రాడ్‌స్కీ ఆ బాక్టీరియాను వేరుచేసి చూపించాడు.

నగరాలు ఇసుకను ఇలా నేర్చుకుంటున్న కాలంలోనే కొందరు సముద్రాన్ని గాజు పాత్రలలోకి ఎత్తి తెచ్చుకోవడం మొదలుపెట్టారు. 1832లో ఝాన్ విల్‌ప్రూ పవర్ అనే ఫ్రెంచి మహిళ సిసిలీ దీవిలోని మెస్సీనాలో గాజు తొట్లు చేయించి సముద్ర జీవులను పరిశీలించింది. ఆక్టోపస్‌కు దగ్గర చుట్టమైన ఆర్గోనాట్ తన గుల్లను తానే తయారు చేసుకుంటుందని నిరూపించింది ఆమే. 1846లో అన్నా థిన్ అనే ఇంగ్లీషు ఆవిడ టార్కీ తీరం నుంచి రాతి పగడాలను లండన్‌కు తెచ్చింది. ఆమె భర్త వెస్ట్‌మినిస్టర్ ఆబేలో మతాధికారి. లండన్‌లో సముద్రం లేదు కాబట్టి ఉన్న నీటినే బతికించుకోవాలి. అందుకోసం ఆ నీటిని కిటికీ దగ్గర ఒక పాత్రలోనుంచి మరొక పాత్రలోకి తిరగబోసి గాలి పట్టించేవారు. గంటలో సగానికి పైగా పట్టే ఆ పనిని రోజూ చేసింది ఇంటి పనిమనిషి. ఆ పనిమనిషి పేరు మాత్రం చరిత్రలో ఎవరూ తలచరు. చూడండి, ఉప్పునీటి అక్వేరియం మొదటి పంపు ఆమె చేతులే.

ఈ చాకిరీ అక్కరలేదన్న ఆశ 1850లో పుట్టింది. రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక గాజు పాత్రలో అడుగున ఇసుక, బురద, రాళ్ళు వేసి, నీటిమొక్క నాటి, రెండు బంగారు చేపలను వదిలాడు. మొక్కలు ఇచ్చే ప్రాణవాయువు చేపలకు, చేపలు వదిలేది మొక్కలకు. నీరు మార్చే పని లేదు. కొద్దిరోజులకు కుళ్ళిన ఆకులు అడుగున చేరి నీరు కలక బారింది. ఆయన నత్తలను తెచ్చి వేశాడు. అవి ఆ కుళ్ళును తిన్నాయి, నీరు మళ్ళీ తేటపడింది. లండన్ కెమికల్ సొసైటీ ముందుకు ఆయన తెచ్చిన ఈ ఫలితం నుంచే సమతూకం అనే భావన అక్వేరియం పెంపకంలోకి వచ్చింది. జీవులను సరిగా కూర్చితే చాలు, తొట్టి తనను తానే చూసుకుంటుందన్నది దాని సారం. చాలా అందమైన భావన. ఆ తరువాత 150 ఏళ్ళపాటు జనాన్ని ఊరించినది అదే.

1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో అక్వేరియం అన్న పేరు ఇంటింటికీ చేరింది. సముద్రానికి దూరంగా ఉండేవారి కోసం ఉప్పులు కలిపి సముద్రజలం తయారు చేసుకునే విధానాన్ని కూడా ఆయన ప్రకటించాడు. ఇంగ్లండులో అక్వేరియం వేలంవెర్రి అయింది. ఇళ్ళలో పెట్టుకున్న తొట్లలో చాలావాటికి దక్కినది సమతూకం కాదు, దుర్వాసన. చచ్చిన జీవుల స్థానంలో కొత్తవాటి కోసం జనం తీరాల మీద పడ్డారు. తండ్రి వర్ణించిన రాతి మడుగులు ఆ పుస్తకాలు చదివి వచ్చినవాళ్ళ చేతిలోనే ఎలా పాడయ్యాయో కొడుకు ఎడ్మండ్ గాస్ 1907లో బాధతో రాశాడు. ఇంట్లో తొట్టి చెడితే ఆ నష్టం సముద్రానిదే అన్న పాఠం చట్టాలలోకి ఎక్కడానికి చాలాకాలం పట్టింది. మన దేశంలో పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చినది 2001లో.

ఆ రోజులలోనే వేరుగా ఆలోచించినవాడు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. కలరా వచ్చిన హాంబర్గ్‌లోనే, దానికి చాలా ముందు, 1864లో ఒక గొప్ప అక్వేరియాన్ని నడిపినవాడు ఆయనే. లండన్ క్రిస్టల్ పాలెస్ అక్వేరియం 1871లో ఆయన ఆధ్వర్యంలోనే మొదలయింది. జనం చూసే తొట్ల కింద, వాటికన్నా పెద్ద చీకటి తొట్టి ఒకటి కట్టించి, యంత్రాలతో నీటిని రాత్రింబగళ్ళు తిప్పించేవాడు. నీరు కదలాలి, కదులుతూనే ఉండాలి అన్నది ఆయన సూత్రం. తొట్టి తనను తాను చూసుకుంటుందన్న నమ్మకానికి ఇది పూర్తిగా ఎదురు దారి.

20వ శతాబ్దం మధ్యనుంచి ఇసుక, గులకలు కొత్త వేషంలో వచ్చాయి. తొట్టి అడుగున చిల్లుల పలక, దాని మీద గులకలు. గాలి బుడగల బలంతో నీరు గులకల గుండా కిందికి దిగి గొట్టం గుండా పైకి వస్తుంది. ఇది ష్లోసింగ్ గొట్టమే, అడ్డంగా పడుకోబెట్టినట్టు. అమోనియాను నైట్రేటుగా మార్చడంలో దీనికి తిరుగులేదు. కాని నైట్రేటు దగ్గరే ఆగిపోతుంది. అది నీటిలో పేరుకుంటూ పోతుంది. గులకల సందుల్లో మడ్డి దిగబడుతుంది. అన్నిటికీ ఓర్చుకునే చేపలు బతికేవి, పగడాలు చాలావరకు చచ్చేవి. అదే కాలంలో, 1961లో, జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ ఒక అమెరికన్ పత్రికలో తన పద్ధతిని వివరించాడు. సముద్రం నుంచి తెచ్చిన ప్రాణమున్న రాళ్ళు, ఎండ, కొద్దిపాటి గాలి బుడగలు. వాటితోనే పగడాలు బతికాయి. సూక్ష్మజీవులకు ఇసుకే ఇల్లు కానక్కరలేదని, గుల్లరాయిలో కూడా అవి కాపురం పెడతాయని అందరికీ అర్థం కావడానికి మరో 20 ఏళ్ళు పట్టింది.

అర్థం చేసుకున్నవాళ్ళలో ముఖ్యులు బెర్లిన్‌వారు. పీటర్ విల్కెన్స్, డీట్రిష్ స్టూబర్ వంటివారి పేర్లతో ముడిపడిన ఆ పద్ధతిలో ప్రాణమున్న రాళ్ళు, బలమైన వెలుతురు, నీటి ఒరవడి, ప్రొటీన్ స్కిమ్మర్ ముఖ్యం. స్కిమ్మర్ అంటే సన్నని గాలి బుడగలకు అంటుకున్న జిడ్డును నురుగుగా పైకి తెచ్చి గిన్నెలో పడేసే గొట్టం. మలినం కుళ్ళి అమోనియా కాకముందే అది నీటిలోనుంచి బయటికి పోతుంది. ఈ తొట్లలో ఇసుక కొద్దిగా ఉండేది, లేదా అసలే ఉండేది కాదు.

దాదాపు అదే సమయంలో మొనాకోలో ఝాన్ జోబెర్ ఇందుకు పూర్తిగా భిన్నమైన తొట్టిని నడిపాడు. అడుగున జల్లెడ పలక, దాని కింద కదలని నీటి పొర, పైన మందంగా పగడపు ఇసుక. లోతుకు పోయేకొద్దీ ఇసుకలో ప్రాణవాయువు తగ్గుతుంది. అక్కడ ఉండే మరో జాతి బాక్టీరియా నైట్రేటును విరిచి నత్రజని వాయువుగా వదిలేస్తుంది. అది బుడగలై గాలిలో కలుస్తుంది. ఈ సంగతిని గాయోఁ, డ్యూపెటి అనే ఫ్రెంచివాళ్ళు 1880లలోనే గుర్తించి ఉన్నారు. 1990లలో అమెరికాలో రాన్ షిమెక్ మొదలైనవారు పలక కూడా అక్కరలేదని, నాలుగంగుళాలకు పైగా సన్నని ఇసుక, అందులో పురుగులు, చిన్న జీవులు ఉంటే చాలని ప్రచారం చేశారు. 2005లో రాబర్ట్ టూనెన్, క్రిస్టఫర్ వీ ప్రయోగం చేసి చూస్తే, కింద నీటి పొర ఉన్నా లేకపోయినా చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పలక సంగతి ఎలా ఉన్నా, వారింగ్టన్ కల మళ్ళీ లేచి కూర్చుంది: ఇసుక పరచండి, చేతులు కట్టుకు కూర్చోండి, తొట్టి తన మలినాన్ని తానే మింగేస్తుంది.

నా దృష్టిలో మొత్తం వాదం తేలేది ఇక్కడే. నత్రజనికి తొట్టిలోనుంచి బయటపడే తలుపు ఒకటి ఉంది. అది వాయువు కాగలదు. భాస్వరానికి అలాంటి తలుపు లేదు. చేపలకు వేసే ప్రతి చిటికెడు మేతలోనూ భాస్వరం ఉంటుంది. అది ఫాస్ఫేటుగా మారి, సున్నపు ఇసుక రేణువులను పట్టుకుంటుంది. పురుగులు తింటే పురుగులలోకి, నాచు తింటే నాచులోకి, అవి చస్తే మళ్ళీ ఇసుకలోకి. రూపం మారుతుందే గాని తొట్టి దాటి పోదు. నీటిలో అది పెరిగితే పగడం తన సున్నపు గూడు కట్టుకోలేదు. భాస్వరాన్ని మొదట వేరు చేసింది కూడా హాంబర్గ్‌లోనే కావడం ఒక విశేషం. 1669లో హెన్నిగ్ బ్రాండ్ అనే రసవాది బంగారం కోసం మూత్రాన్ని మరిగించి మరిగించి, చీకటిలో వెలిగే ఈ పదార్థాన్ని బయటికి తీశాడు. బయటికి తీస్తే తప్ప అది రాదన్నది అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే.

మరి సముద్రం అడుగున కూడా ఇసుకే కదా అంటారు. అవును. కాని సముద్రానికి అలలున్నాయి, తుఫానులున్నాయి, మైళ్ళ లోతు ఉంది. దిబ్బల మీద పడిన మడ్డిని ప్రవాహం ఈడ్చుకుపోతుంది. కొంత భాస్వరం లోతులలో మట్టిగా పడి, లక్షల ఏళ్ళకు రాయిగా మారి, ఎప్పటికో భూమిగా పైకి లేస్తుంది. మన తొట్టికి అంత చోటూ లేదు, అంత కాలమూ లేదు. ఇసుక మడిని నమ్మిన నగరం పారను కూడా నమ్మింది. అక్వేరియం పెట్టినవాళ్ళు ఇసుకను తెచ్చుకున్నారు. పారను వదిలేశారు, వరదను తెచ్చుకోలేకపోయారు. అందుకే ఎన్నో తొట్లు నాలుగైదేళ్ళు కళకళలాడి, ఆ తరువాత కారణం అంతుబట్టకుండా నాచు పట్టి క్షీణించాయి. అడుగు పొరలను కదిలిస్తే కుళ్ళిన గుడ్ల వాసనతో హైడ్రోజన్ సల్ఫైడు బయటపడి జీవులు చచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఈ అనుభవాల తరువాతనే 2000ల తొలి ఏళ్ళలో బోసి అడుగు మళ్ళీ ప్రచారంలోకి వచ్చింది.

నేను ఉండేది అమెరికాలో, సముద్రానికి చాలా దూరంగా. మా తొట్టి పొడవు 4 అడుగులు, పట్టే నీరు 120 గాలన్లు. అడుగున ఇసుక లేదు. రాళ్ళ బరువు గాజు మీద పడకుండా కింద ప్లాస్టిక్ పలక ఒకటి ఉంది. ఇసుక లేదు కాబట్టి నీటి ఒరవడి ఎంత బలంగా పెట్టినా రేగి పగడాల మీద పడేది ఏమీ ఉండదు. మడ్డి అంతా ఒక మూలకు చేరుతుంది. వారానికొకసారి సన్నని గొట్టం పెట్టి లాగేస్తాను. బకెట్టులోకి వచ్చే ఆ గోధుమరంగు నీళ్ళను చూసినప్పుడు, ఇసుక ఉంటే ఇదంతా కళ్ళకు కనబడకుండా అక్కడే ఉండేది కదా అనిపిస్తుంది. ఏడాది గడిచేసరికి బోసి పలక బోసిగా లేదు. ఊదా, గులాబి రంగుల సున్నపు నాచు దానినంతా కప్పేసింది.

ఇసుక పక్షాన ఉన్న న్యాయం కూడా చెప్పాలి. రాత్రి కాగానే ఇసుకలో దూరి నిద్రపోయే రాస్ చేపలున్నాయి. బొరియ తవ్వుకుని మూతి మాత్రం బయట పెట్టే జా ఫిష్, ఇసుకను నోటితో జల్లించి తినే గోబీలు, ఇసుకలో నాటినట్టు నిలబడే గార్డెన్ ఈల్స్ ఉన్నాయి. వాటిని బోసి గాజు మీద ఉంచడం క్రూరత్వం. అటువంటివాటిని తెచ్చుకునేవారు ఇసుక పరచవలసిందే. దానితోపాటు పారను కూడా చేతబట్టవలసిందే. ఇసుకను విడతలవారీగా కడిగి, మార్చి, దశాబ్దాలపాటు చక్కని తొట్లు నడిపినవాళ్ళు ఉన్నారు. అలాగే బోసి అడుగు అన్నిటికీ మందు కాదు. రాళ్ళు కూడా ఫాస్ఫేటును పట్టి దాచుకుంటాయి. గొట్టం పట్టుకోవడానికి బద్ధకించేవాడి తొట్టి ఇసుక లేకపోయినా చెడుతుంది. నా తొట్టిలో ఇసుక కోరే జీవులు లేవు. అందుకే నాకు ఈ దారి సరిపోయింది.

ఇంత చరిత్ర చదివాక నాకు మిగిలిన అభిప్రాయం ఇది. సమతూకం అన్న మాటలో ఒక సౌకర్యం ఉంది. మన కంటికి కనబడకుండా పోయినదంతా ఎవరో ఎక్కడో చక్కబెడుతున్నారని అది మనకు నమ్మకం కలిగిస్తుంది. కొంతవరకు నిజమే, సూక్ష్మజీవులు చేసే పని అంతా ఇంతా కాదు. కాని అవి మార్చగలవే తప్ప మోయలేవు. బయటికి మోసే పని ఎప్పుడూ ఒక చేతిదే: లండన్‌లో నీళ్ళు తిరగబోసిన పనిమనిషిది, ఆల్టోనా ఇసుక మడులలో పార పట్టిన కూలీది. బోసి అడుగు అందంగా ఉంటుందని నేను అనను. మోయవలసినది ఇంకా ఎంత మిగిలి ఉందో దాచకుండా చూపిస్తుంది, అంతే. ప్రాణమున్నవాటిని గాజు పెట్టెలో పెట్టి ఉంచుకున్నవాడికి ఆ మాత్రం లెక్క కళ్ళెదుట ఉండడం అవసరమని నా నమ్మకం.